పాత కంప్యూటర్‌లో లైనక్స్ వేయాలా వద్దా? వారం రోజుల కాగితంతో తేల్చుకోండి

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలుగా వచ్చే అప్‌డేట్లు ఆగిపోయాయి. అప్పట్నుంచి విజయనగరంలో తెలిసినవాళ్ళు ఎక్కడ ఎదురైనా, మయూరి జంక్షన్‌లో టీ దగ్గరైనా, పెద్దచెరువు గట్టు మీదైనా, ప్రశ్న ఒకటే. "ల్యాప్‌టాప్ బానే ఉంది. విండోస్ 11 ఎక్కదన్నాడు షాపబ్బాయి. కొత్తది కొనాలా, ఆ లైనక్సేదో వేసుకోవాలా?"

లైనక్స్ అంటే విండోస్ బదులు కంప్యూటర్‌ని నడిపే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్. ఒకప్పుడైతే "వేసెయ్యండి, నేనొచ్చి వేస్తాను" అనేవాణ్ణి. 2008 ప్రాంతంలో ఉబుంటూ అనే లైనక్స్ చేసేవాళ్ళు అడిగినవాళ్ళకల్లా సీడీలు ఉచితంగా పోస్టులో పంపేవారు. ఆ కవరు పోస్ట్‌మాన్ చేతిలోంచి అందుకున్న రోజు నుంచి నాకు అదో పిచ్చి. ఆ పిచ్చిలోనే శ్రీకాకుళంలో మా బావ దుకాణం పని రెండు రోజులు ఆపేశాను, అదీ పెళ్ళిళ్ళ సీజన్లో. అందుకే ఇప్పుడు ఎవరడిగినా ముందు ఒక తెల్లకాగితం తీసుకోమంటున్నాను.

ముందు, అంత తొందర ఉందో లేదో చూడండి

అప్‌డేట్లు ఆగాయని కంప్యూటర్ ఆగిపోదు. నిన్న తెరుచుకున్నట్టే రేపూ తెరుచుకుంటుంది. ఆగిందల్లా, బయటపడుతున్న సెక్యూరిటీ కన్నాలకు మాట్లు వేసే పని. అలాంటి మెషీన్‌లో నెలల తరబడి బ్యాంకు లాగిన్లు చేయడం మంచిది కాదు. ఇళ్ళలో వాడేవాళ్ళకి 2026 అక్టోబర్ 13 వరకు అదనపు సెక్యూరిటీ అప్‌డేట్లు ఇస్తామని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ పేజీ తెరిస్తే నమోదయ్యే లింకు ఉంటుంది. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేసుకుంటే డబ్బు కట్టక్కర్లేదు. ఇది మీకు ఆలోచించుకోవడానికి దొరికిన గడువు అనుకోండి.

అసలు విండోస్ 11 నిజంగానే ఎక్కదా? ఇంటెల్ ప్రాసెసర్ అయితే 8వ తరం నుంచి, దానికి తోడు టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్, కనీసం 4 జీబీ ర్యామ్ కావాలి. ల్యాప్‌టాప్ స్టిక్కరు మీద కాకుండా సెట్టింగ్స్‌లోని అబౌట్ పేజీలో ప్రాసెసర్ పేరు చూడండి. ఐ5-7200యూ అంటే 7వ తరం, ఐ5-8250యూ అంటే 8వది. గీత తర్వాత వచ్చే మొదటి అంకే తరం. 10వ తరం నుంచి మాత్రం రెండంకెలు చూడాలి. ప్రాసెసర్ సరిపోయినా "ఎక్కదు" అని వస్తోందంటే చాలాసార్లు కారణం బయాస్‌లో, అంటే విండోస్ కంటే ముందు తెరుచుకునే సెటప్ తెరలో, టీపీఎం ఆఫ్ చేసి ఉండడమే. ఆన్ చేస్తే ఎక్కేస్తుంది, ఈ కథ అక్కడితో కంచికి పోతుంది.

"స్లో అయిపోయింది, అందుకే లైనక్స్" అనేవాళ్ళకి నా మాట వేరు. మీ కంప్యూటర్‌లో ఇంకా గిర్రున తిరిగే పాత హార్డ్ డిస్కే ఉంటే ముందు దాన్ని తీయించి ఎస్‌ఎస్‌డీ, అంటే తిరిగే భాగాలు లేని వేగమైన డిస్కు, వేయించండి. నేను చూసినంతలో, పాత ల్యాప్‌టాప్ నెమ్మదికి పది కారణాలుంటే తొమ్మిది ఆ డిస్కులోనే ఉంటాయి. డిస్కు మార్చకుండా లైనక్స్ వేస్తే కొంత తేలికపడుతుందిగానీ మీరు ఊహించుకున్నంత పరుగు ఉండదు. తర్వాత తిట్లు లైనక్స్ తింటుంది.

కాగితం ఎలా రాయాలి

జ్ఞాపకం మీద రాయొద్దు. కాగితం, పెన్ను కీబోర్డు పక్కనే పెట్టి ఏడు రోజులు ఉంచండి. ఆ కంప్యూటర్ ముందు ఎవరు కూర్చున్నా, మీరు, మీ ఆవిడ, ఇంటర్ చదివే అబ్బాయి, ఏ పని కోసం ఏది తెరిచారో ఒక్క ముక్క రాయాలి. "కరెంటు బిల్లు - క్రోమ్." "అద్దె అగ్రిమెంటు - వర్డ్." "ఆధార్ ప్రింటు - ప్రింటర్." అలా. నెలకోసారి, ఏడాదికోసారి వచ్చే పనులు మాత్రం గుర్తు చేసుకుని వెనక వైపు రాయండి: ఇన్‌కమ్ టాక్స్ రిటర్ను, పిల్లల ఎంట్రన్స్ దరఖాస్తులు, స్కూల్లో ప్రశ్నపత్రాలు. కొంపలు ముంచేవి ఎక్కువగా ఈ వెనక వైపువే.

వారం అయ్యాక ఒక్కో లైను పక్కన గుర్తు పెట్టండి. బ్రౌజర్‌లో అయిపోయే పనులన్నిటికీ నిశ్చింతగా టిక్కు పెట్టేయండి. బ్యాంకు, రైలు టికెట్, తిరుమల దర్శనం, డిజీలాకర్, పీఎఫ్, యూట్యూబ్, వాట్సాప్ వెబ్, ఇవన్నీ ఫైర్‌ఫాక్స్‌లోనో క్రోమ్‌లోనో నడుస్తాయి, ఆ రెండూ లైనక్స్‌లో ఉన్నాయి. చాలా ఇళ్ళలో కాగితం ముప్పాతిక భాగం ఈ టిక్కులతోనే నిండిపోతుంది. అది చూసి తొందరపడి కాగితం మడిచేయకండి.

వర్డ్, ఎక్సెల్ ఫైళ్ళ పక్కన "సగం టిక్కు" పెట్టండి. లైనక్స్‌లో ఎంఎస్ ఆఫీస్ బదులు వాడే లిబ్రే ఆఫీస్ వాటిని తెరుస్తుంది, సేవ్ చేస్తుంది. ఉత్తరాలు, లెక్కలు, మార్కుల జాబితాలకి చాలు. కానీ తెలుగు ఫైలు గౌతమి ఫాంట్‌లో చేసి ఉంటే ఆ ఫాంట్ విండోస్‌తో వచ్చేది కాబట్టి ఇక్కడ వేరే ఫాంట్ పడి, లైన్లు పేజీ దాటి జారతాయి. ఆఫీసులో నలుగురూ ఒకే ఫైలు దిద్దుకుంటూ ఉంటే ఇది రోజూ చికాకే. చివరి కాపీ పీడీఎఫ్‌లో పంపేవాళ్ళకి ఏ ఇబ్బందీ లేదు. ఎక్సెల్‌లో మాక్రోలు రాసుకున్నవాళ్ళు మాత్రం సగం టిక్కు కూడా పెట్టకండి, ముందు పరీక్షించుకోండి.

మిగిలిన లైన్లు, అంటే పేరున్న సాఫ్ట్‌వేరో, కంప్యూటర్‌కి తగిలించే వస్తువో అవసరమయ్యేవి, వాటి చుట్టూ గీత గీయండి. నిర్ణయం అక్కడే ఉంది. యాభై టిక్కులున్నా, అన్నం పెట్టే పని చుట్టూ ఒక్క గీత ఉంటే ఆగాల్సిందే. ఇది నేను నేర్చుకున్నది మా బావ దుకాణంలో.

బావ దుకాణంలో ఏం జరిగిందంటే

మా అప్పనిచ్చిన బావకి శ్రీకాకుళం సూర్యమహల్ జంక్షన్‌కి దగ్గర్లో డీటీపీ దుకాణం. శుభలేఖలు, కరపత్రాలు, చిన్న ఫ్లెక్సీలు. రెండు కంప్యూటర్లు. పార్టీలు తెచ్చే పెన్‌డ్రైవ్‌లతో వైరస్‌లు రావడం, ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లుగా మారిపోవడం, ఎవరో వచ్చి ఐదొందలు పుచ్చుకుని దొంగ విండోస్ మళ్ళీ వేసి పోవడం, నెలకోసారి ఇదే తంతు. "నేనుండగా నీకు ఈ బాధేంటి బావా" అని ఒక ఆదివారం పెద్ద మెషీన్ మొత్తం తుడిచి లైనక్స్ వేశాను. ఫైళ్ళన్నీ జాగ్రత్తగా కాపీ చేశాను కూడా. నా మటుకు నేను గొప్ప పని చేశాననుకుని అప్ప పెట్టిన చేపలపులుసు తిని బస్సెక్కాను.

పొద్దున్నే ఫోను. "ఇదేటిరా, తెలుగూ కాదు, ఇంగిలీసూ కాదు? పెళ్ళి ఎల్లుండి. నన్నేటి సేసుకోమంటావు?"

పదేళ్ళ శుభలేఖలన్నీ పేజ్‌మేకర్ అనే పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్‌లో, అను ఫాంట్లతో చేసినవి. అను ఫాంట్ యూనికోడ్ కాదు, అంటే ఏ కంప్యూటర్‌కైనా తెలుగు అని తెలిసే పద్ధతి కాదు. తెలుగు అక్షరాల బొమ్మల్ని ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో కూర్చోబెట్టిన ఏర్పాటు అది. ఆ ఫాంటూ, దాని కీబోర్డు నడిపే అను స్క్రిప్ట్ మేనేజరూ ఉంటేనే అది తెలుగు. లేకపోతే కంప్యూటర్‌కి అది వంకర గీతలున్న ఇంగ్లిష్ అక్షరాల కుప్ప. ఆ మేనేజరు విండోస్ కోసమే చేసింది. పేజ్‌మేకర్ ఆఖరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో, అదీ విండోస్, మ్యాక్‌లకే. దాని బదులు నేను గర్వంగా చూపించిన స్క్రైబస్ మంచి సాఫ్ట్‌వేరే, కానీ ఆ పాత ఫైళ్ళని అది కాపాడలేదు. కోరల్‌డ్రా, ఫొటోషాప్‌లదీ ఇదే వరస. వాటి బదులు లైనక్స్‌లో ఇంక్‌స్కేప్, గింప్ ఉన్నాయి, కొత్తగా నేర్చుకునేవాడికి బాగుంటాయి, కానీ పదిహేనేళ్ళుగా కోరల్‌లో చేతివేళ్ళు అలవాటు పడ్డ ఆపరేటర్‌కి ముహూర్తాల నెలలో వాటిని నేర్పబోవడం అన్యాయం.

తిరిగి విండోస్ వేసి, అను సీడీ ఎక్కడుందో అటకలన్నీ వెతికి, ఫాంట్లు సరిపోయే వెర్షనేదో తేల్చుకునేసరికి రెండు రోజులు. పెళ్ళివాళ్ళ కార్డులు పక్క దుకాణంలో కొట్టించి ఇచ్చాడు బావ. ఆ డబ్బు నా దగ్గర పుచ్చుకోలేదు, అదే ఎక్కువ గుచ్చుకుంది.

గీత గీయాల్సినవి ఇంకేమిటి

ట్యాలీ. షాపుల లెక్కలు దాన్లో ఉంటే విండోస్ ఉండాల్సిందే, అది విండోస్‌కే చేసింది. వైన్ అనే సాఫ్ట్‌వేర్‌తో విండోస్ ప్రోగ్రాములు కొన్ని లైనక్స్‌లో నడిపించవచ్చు. అయితే జీఎస్టీ ఆఖరి తేదీ రాత్రి అది మొరాయిస్తే మిమ్మల్ని ఆదుకునేవాళ్ళు ఉండరు. బతుకుతెరువు పనికి వైన్ మీద ఆధారపడొద్దంటాను.

డిజిటల్ సంతకం టోకెన్లు, అంటే సంతకం బదులు కంప్యూటర్‌కి తగిలించే పెన్‌డ్రైవ్ లాంటివి. సొంత పేరు మీద వ్యాపారం చేసేవాళ్ళు జీఎస్టీ రిటర్ను ఓటీపీతో వేసుకోవచ్చు, వాళ్ళకి టోకెన్ అక్కర్లేదు. కంపెనీలకి, టెండర్లు వేసే కాంట్రాక్టర్లకి కావాలి. టోకెన్ డ్రైవరూ, పోర్టల్ వాడే సంతకం సాఫ్ట్‌వేరూ రెండూ లైనక్స్‌కి దొరికితేనే పని. ఒకటి దొరికి ఇంకొకటి దొరక్కపోతే లాభం లేదు.

వేలిముద్ర యంత్రాలు. మీసేవ, సీఎస్సీ, బ్యాంకు మిత్ర పనులు చేసేవాళ్ళ పరికరాలకి కావాల్సిన సర్వీస్ ఎక్కువగా విండోస్, ఆండ్రాయిడ్‌లకే ఇస్తారు. ఇక్కడ ఆలోచనే అనవసరం, విండోస్‌లోనే ఉండండి.

చదువుకునే పిల్లల సంగతి కోర్సును బట్టి మారుతుంది. జేఎన్‌టీయూ గురజాడలోనో ఎచ్చెర్ల ట్రిపుల్ ఐటీలోనో కంప్యూటర్స్ చదివేవాళ్ళకి లైనక్స్ బరువు కాదు, పాఠమే. సీ, పైథాన్, జావా అన్నీ సాఫీగా నడుస్తాయి, రేపు ఉద్యోగంలో చూసే సర్వర్లలో చాలా భాగం లైనక్సే. సివిల్, మెకానికల్ వాళ్ళకి ఆటోక్యాడ్ అడ్డొస్తుంది. ఒక జాగ్రత్త అందరికీ: ఉద్యోగాల కోసం ఇంటి దగ్గర రాసే ఆన్‌లైన్ పరీక్షల సాఫ్ట్‌వేర్‌లు కొన్ని విండోస్, మ్యాక్‌ల మీదే తెరుచుకుంటాయి. ఆ రోజుకి విండోస్ ఉన్న కంప్యూటర్ అందుబాటులో ఉందో లేదో కాగితం వెనక రాసుకోండి. ఆటల పిచ్చి ఉన్నవాళ్ళకి ఒక్క మాట: వాలొరాంట్ రాదు.

ప్రింటర్ మోడల్ నంబరు కూడా రాయండి. హెచ్‌పీలు చాలావరకు చెప్పినమాట వింటాయి. ఎప్సన్ ఇంకు ట్యాంకు వాటికి, బ్రదర్ వాటికి లైనక్స్ డ్రైవర్లున్నాయి. వైఫై ఉన్న కొత్త ప్రింటర్లు చాలావరకు డ్రైవర్ లేకుండానే కలుస్తాయి. మన జిరాక్స్ షాపులన్నిట్లో కనిపించే కేనన్ ఎల్‌బీపీ 2900 మాత్రం మొండిఘటం. దాన్ని లైనక్స్‌లో లొంగదీసుకోవడం కుదరని పని కాదుగానీ, కొత్తగా వచ్చినవాళ్ళని ఆ రొంపిలోకి దిగమనను.

ఇక కాగితం మీద రాని ప్రశ్న ఒకటుంది. రాత్రి తొమ్మిదింటికి తెర నల్లబడిపోతే ఎవరికి ఫోన్ చేస్తారు? విశాఖలోనో హైదరాబాద్‌లోనో అయితే వెతికితే మనిషి దొరకొచ్చు. మన దగ్గర ఏ సర్వీసు షాపుకి తీసుకెళ్ళినా, లైనక్స్ అనగానే "ఫార్మాట్ కొట్టి విండోస్ వేసిస్తాం సార్" అనేస్తారు. తెలిసినవాడు ఒక్కడున్నా చాలు, అబ్బాయి స్నేహితుడైనా సరే. ఎవరూ లేకపోతే, ఏదైనా తేడా వస్తే ఫోన్‌లో వెతికి చదివి సరిచేసుకునే ఓపిక మీకే ఉండాలి. ఆ ఓపిక లేకపోవడం తప్పేం కాదు. అది కూడా ఒక లెక్కే, కాగితం మీద వేయండి.

ఫ్రీ అంటే

ఇంగ్లిష్‌వాళ్ళకి ఈ మాటతో పెద్ద తంటా. ఎవరైనా వాడుకోగల సాఫ్ట్‌వేర్ కోసం 1983లో గ్నూ ప్రాజెక్టు ప్రకటించిన రిచర్డ్ స్టాల్‌మన్ ఏళ్ళ తరబడి "ఫ్రీ అంటే ధర గురించి కాదు బాబూ" అని చెప్తూనే ఉన్నాడు. మనకి ఆ బాధ లేదు. ఉచితం వేరే మాట, స్వేచ్ఛ వేరే మాట. లైనక్స్‌లో రెండూ ఉన్నాయి: డబ్బు కట్టక్కర్లేదు, లోపలి కోడ్ ఎవరైనా చూడొచ్చు, మార్చొచ్చు, పంచొచ్చు. లైనస్ టోర్వాల్డ్స్ 1991లో మొదలుపెట్టిన కెర్నల్, అంటే లైనక్స్‌కి గుండెలాంటి భాగం, మీ ఆండ్రాయిడ్ ఫోన్ లోపల ఇప్పటికే నడుస్తోంది కాబట్టి "మనకి తెలియనిదేదో" అని జంకక్కర్లేదు. కాకపోతే ఉచితమన్నది డబ్బు సంగతే. మీ ఆదివారాలు రెండో మూడో ఖర్చవుతాయి.

పెన్‌డ్రైవ్ మీద పెట్టి చూడండి

గీతలు గీసిన లైన్లు లేకపోతే, లేదా వాటికి దారి దొరికితే, ఇప్పుడు చేతిపని. డిస్కుని ముట్టుకోకుండా పెన్‌డ్రైవ్ నుంచే లైనక్స్ నడిపి చూడొచ్చు. లైవ్ యూఎస్‌బీ అంటారు. నేను బావ దగ్గర చేయని పని ఇదే.

ఏ లైనక్స్? వందలున్నాయి. పైడితల్లి పండగ నాడు గాజుల కొట్టు ముందు నిలబడ్డట్టు ఉంటుంది, ఏది చూసినా ముచ్చటే, ఏదీ కొనలేం. నా మాట విని లైనక్స్ మింట్ తీసుకోండి. కింద టాస్క్‌బారు, మూలన మెనూ, విండోస్ 7 వాడినవాళ్ళకి పుట్టింట్లో ఉన్నట్టుంటుంది. ర్యామ్ 8 జీబీ ఉంటే సినమన్ ఎడిషన్, 4 జీబీ అయితే ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎడిషన్. మింట్ 22 వరసకి 2029 వరకు అప్‌డేట్లు ఉన్నాయి. మన ప్రభుత్వ సంస్థ సీడాక్ చేసిన బాస్ లైనక్స్ ఉంది, తెలుగులో స్వేచ్ఛ అనే సంస్థ వాళ్ళు చేసిందీ ఉంది. అభిమానం ఉంటే తర్వాత చూడండి. మొదటిసారికి, చిక్కు వచ్చినప్పుడు వెతికితే ఎక్కువ జవాబులు దొరికేదే మంచిది.

డౌన్‌లోడ్ సుమారు 3 జీబీ. రోజుకి ఒకటిన్నర జీబీ వచ్చే మొబైల్ ప్యాక్‌తో మధ్యలో ఆగిపోతుంది, ఫైబర్ ఉన్నవాళ్ళింట్లో దించుకోండి. అధికారిక వెబ్‌సైట్ నుంచే తీసుకోండి. 8 జీబీ పెన్‌డ్రైవ్ చాలు, అయితే దాన్లో ఉన్నవన్నీ పోతాయి. ఫైలుని మామూలుగా కాపీ చేస్తే కుదరదు. రూఫస్ లేదా బలీనా ఎచర్ అనే చిన్న ప్రోగ్రాములో ఆ ఫైలూ, ఆ పెన్‌డ్రైవూ చూపించి రాయించాలి.

తర్వాత కంప్యూటర్ ఆపి, పెన్‌డ్రైవ్ ఉంచి, ఆన్ చేయగానే బూట్ మెనూ మీట టకటకా నొక్కండి. డెల్, లెనోవోలకి ఎఫ్12, హెచ్‌పీకి ఎఫ్9, ఏసస్ ల్యాప్‌టాప్‌లకి ఎస్కేప్. వచ్చిన జాబితాలో పెన్‌డ్రైవ్ ఎంచుకుంటే రెండు మూడు నిమిషాల్లో మింట్ తెర వస్తుంది. పెన్‌డ్రైవ్ మీద నడుస్తోంది కాబట్టి నెమ్మదిగా ఉంటుంది, దాన్ని బట్టి వేగం అంచనా వేయకండి.

ఇప్పుడు కాగితం పక్కన పెట్టుకుని కూర్చోండి. వైఫై కలిసిందా? కలవకపోతే బెంబేలు పడకండి. ఫోన్‌ని కేబుల్‌తో తగిలించి యూఎస్‌బీ టెదరింగ్ ఆన్ చేస్తే నెట్ వస్తుంది, ఆ నెట్‌తో వైఫై డ్రైవర్ దొరుకుతుందేమో డ్రైవర్ మేనేజర్‌లో చూడొచ్చు. తర్వాత శబ్దం, కెమెరా, బ్లూటూత్, వెలుతురు తగ్గించే మీటలు. మూత మూసి, నిమిషం ఆగి తెరవండి. నిద్ర లేచిందా, నల్లతెరతో ఉండిపోయిందా? ఈ మూత పరీక్ష చాలామంది మర్చిపోతారు, తర్వాత రోజూ బాధపడేది దానికే. వేలిముద్రతో లాగిన్ అయ్యే ల్యాప్‌టాప్ అయితే ఆ సదుపాయం పోయినట్టే అనుకోండి, పనిచేస్తే అదృష్టం. ప్రింటర్ తగిలించి ఒక పేజీ తీయండి. మీ వర్డ్ ఫైళ్ళలో అన్నిటికంటే గజిబిజిగా ఉన్నది తెరిచి చూడండి.

తెలుగు టైపింగ్ తప్పకుండా చూడండి. కీబోర్డు సెట్టింగ్స్‌లో లేఅవుట్ చేర్చే చోట తెలుగు ఉంటుంది, అది ఇన్‌స్క్రిప్ట్ అనే ప్రభుత్వ ప్రామాణిక అమరిక. ఇంగ్లిష్ అక్షరాలతో "amma" అన్నట్టు కొట్టి తెలుగు రప్పించుకునేవాళ్ళకి ఐబస్ అనే పద్ధతిలో ఆర్‌టీఎస్ చేర్చుకోవాలి. అను మీద యాపిల్ కీబోర్డు అలవాటున్నవాళ్ళకి ఆ లేఅవుట్ కూడా అందులోనే దొరుకుతుంది, కాకపోతే వచ్చేది యూనికోడ్ తెలుగు. ఫాంట్లలో గురజాడ పేరుతో ఒకటి, గిడుగు పేరుతో ఒకటి ఉచిత లైసెన్స్‌తోనే ఉన్నాయి. ఒకరిది మా విజయనగరం, ఇంకొకరు శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టినవారు. వాడుక భాష కోసం పోరాడిన ఇద్దరూ ఎవరైనా వాడుకోగల ఫాంట్లయి కంప్యూటర్లోకి రావడం నాకు ఎప్పుడూ ముచ్చటేస్తుంది.

వేసే ముందు

అన్నీ రెండు కాపీలు. డాక్యుమెంట్స్, డెస్క్‌టాప్, డౌన్‌లోడ్స్ మూడూ చూడండి, మనవాళ్ళ ఆస్తి పత్రాల స్కాన్లు ఎప్పుడూ డౌన్‌లోడ్స్‌లోనే ఉంటాయి. వన్‌డ్రైవ్, అంటే మైక్రోసాఫ్ట్ వాళ్ళ ఆన్‌లైన్ నిల్వ, ఆన్‌లో ఉంటే ఫైలు పేరు కనిపించినా అసలు ఫైలు కంప్యూటర్‌లో ఉండకపోవచ్చు. పక్కన మబ్బు గుర్తు ఉన్నవాటిని ముందు దించుకుని కాపీ చేయండి. బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డ్‌లు కూడా. ఒక కాపీ ఇంట్లో, రెండోది వేరే ఊళ్ళో ఉన్నవాళ్ళ దగ్గర పెట్టండి. 2018 అక్టోబర్ 11న పలాస దగ్గర తిత్లీ తుపాను తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలే మిగల్లేదు, బీరువాలో హార్డ్ డిస్కు ఒక లెక్కా.

విండోస్‌ని కూడా ఉంచుకోవాలనుకుంటే బిట్‌లాకర్, అంటే డిస్కుకి తాళం వేసే విండోస్ సదుపాయం, ఆన్‌లో ఉందేమో చూసి రికవరీ కీ కాగితం మీద రాసుకోండి. ఆ కీ లేకుండా బూట్ సెట్టింగులు మారిస్తే మీ విండోస్ మీకే తలుపు తీయదు. ఫాస్ట్ స్టార్టప్ ఆఫ్ చేయండి. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో సీ డ్రైవ్‌ని కుదించి 60 నుంచి 100 జీబీ ఖాళీ వదలండి. ఈ కుదింపు విండోస్ చేతే చేయించడం మంచిది.

వేసేటప్పుడు, ఆ తర్వాత నెల

డెస్క్‌టాప్ అయితే యూపీఎస్ ఉండాలి, ల్యాప్‌టాప్ అయితే ఫుల్ ఛార్జింగ్. పెన్‌డ్రైవ్ నుంచి మింట్ తెరిచి ఇన్‌స్టాల్ గుర్తు నొక్కితే భాష, కీబోర్డు, ఊరు అడుగుతూ పోతుంది. ఒక్క పేజీ దగ్గర మాత్రం చేయి మౌస్ మీంచి తీసి రెండుసార్లు చదవండి. విండోస్ పక్కన వేయాలా, డిస్కు మొత్తం తుడిచేయాలా అని అడిగే పేజీ అది. మొదటిసారి వేసేవాళ్ళు, డిస్కులో చోటుంటే, పక్కనే వేసుకోండి. డిస్కు అసలు కనిపించకపోతే, కొన్ని ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో బయాస్‌లో ఉండే వీఎండీ అనే సెట్టింగు కారణం కావచ్చు. తెలిసినవాళ్ళు పక్కన లేకుండా దాన్ని కదపొద్దు, విండోస్ తెరుచుకోకుండా పోవచ్చు.

పూర్తయ్యాక ఆన్ చేసినప్పుడల్లా మింటా, విండోసా అని మెనూ అడుగుతుంది. విండోస్‌లోకి వెళ్తే గడియారం ఐదున్నర గంటలు వెనక్కి చూపిస్తే కంగారుపడకండి. లైనక్స్ లోపలి గడియారాన్ని గ్రీన్‌విచ్ సమయంలో పెడుతుంది, విండోస్ దాన్నే మన సమయం అనుకుంటుంది. మింట్‌లో ఒక చిన్న కమాండ్‌తో సర్దుకుంటుంది, వెతికితే మొదట్లోనే దొరుకుతుంది.

మొదటి రోజు అప్‌డేట్ మేనేజర్ నడపండి, టైమ్‌షిఫ్ట్ ఆన్ చేయండి. రేపు ఏదైనా చెడితే ముందురోజు స్థితికి తీసుకుపోయేది అదే. అది సిస్టమ్‌ని కాపాడుతుందిగానీ మీ ఫొటోల్ని కాదు, రెండు కాపీల అలవాటు మానకండి. మింట్‌లో ఉన్నంతసేపు పెన్‌డ్రైవ్‌ల షార్ట్‌కట్ వైరస్‌ల బెడద ఇక మీకు ఉండదు. ఓటీపీ అడిగే మోసగాడి బెడద మాత్రం అలాగే ఉంటుంది, వాడికి మీరు ఏ సిస్టమ్ వాడుతున్నారో అక్కర్లేదు.

అదే కాగితం తిరగేసి, విండోస్‌లోకి వెళ్ళాల్సి వచ్చిన ప్రతిసారీ ఒక గీత, పక్కన కారణం రాయండి. నెల తర్వాత లెక్కపెట్టండి. మూడో నాలుగో గీతలుండి, అవీ "అలవాటు కొద్దీ" అయితే విండోస్ చోటు ఖాళీ చేయొచ్చు. వారానికి నాలుగైదు గీతలు ఒకే పనికి పడుతుంటే రెండూ ఉంచుకోండి. గీతలు లెక్కకందకపోతే మింట్ తీసేయండి. ఆ పనికి విండోస్ 11 ఎక్కే సెకండ్‌హ్యాండ్ మెషీన్ చూసుకోవడమే మేలు.

బావ దుకాణంలో అను ఉన్న మెషీన్ విండోస్‌లోనే ఉంది, దానికి నెట్ కేబుల్ పీకేశాం. రెండోదాన్లో, ఈసారి బావనీ ఆపరేటర్‌నీ అడిగి, పెన్‌డ్రైవ్ మీద వారం చూపించి మింట్ వేశాను. బిల్లులు, మెయిల్, వాట్సాప్ దాన్లోనే. పార్టీలు తెచ్చే పెన్‌డ్రైవ్ ఏదైనా ముందు దాన్లో పెట్టి, కావాల్సిన ఫొటోనో మేటరో మాత్రం తీసి దుకాణం సొంత పెన్‌డ్రైవ్‌లో పక్క మెషీన్‌కి ఇస్తారు. బావ దాన్ని లైనక్స్ అని ఎప్పుడూ అనలేదు. "పెన్‌డ్రైవుల కంప్యూటర్" అంటాడు.